మాణిక్ ఇల్లు చేరాడా

మా గోదారి లంకలో నేను నిజం చెప్పినా, కోతలు కోసినా జనం ఒక్కలాగే నవ్వుతారు. అందుచేత రెంటికీ మధ్య గట్టు వేసుకోవడం నేనెప్పుడో మానేశాను. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం జరిగింది. పోయినేడు వరదకి ఎర్రనీళ్ళు వచ్చే కాలంలో, ఆషాఢం నించి శ్రావణం దాకా, మా ఇంటి అరుగు మీదే జరిగింది. నమ్మకపోతే మానేయండి, నాకు అలవాటే.

నా పేరు మాణిక్యాలరావు. ఊళ్ళో జర్మనీ మాణిక్యం అంటారు. నేను జర్మనీ మొహం ఎరగను. ఇరవై రెండేళ్ళు చేసిందంతా దోహాలో, అక్కడొక ఫుట్‌బాల్ క్లబ్బు మైదానంలో గడ్డి పని. పొద్దున్న ఆ గడ్డిని కత్తిరించడం, సాయంత్రం తడపడం, మధ్యాహ్నం పూట అది చచ్చిపోకుండా చూడమని దేవుడికి దణ్ణం పెట్టుకోవడం. ఎడారిలో గడ్డి పెంచడమంటే అదీ.

నాకు ఆ పేరు తెచ్చిపెట్టినవాడు హోల్గర్. అతని ఇంటిపేరు నా నోటికి ఎన్నడూ తిరగలేదు. తన దేశంలో బోలెడన్నేళ్ళు డిఫెండరుగా ఆడి, మోకాలు అరిగిపోయాక, ఆఖరి రెండేళ్ళు ఆడటానికి మా క్లబ్బుకి వచ్చాడు. ఆట ఎరగని వాళ్ళ కోసం చెప్తున్నాను, డిఫెండరంటే గోలు కొట్టేవాడు కాదు. వెనకాల నిలబడి, అవతలి వాడు గోలు కొట్టకుండా అడ్డం పడేవాడు.

ప్రాక్టీసు అయిపోయాక మిగతా ఆటగాళ్ళు కార్లెక్కి వెళ్ళిపోయేవారు. హోల్గర్ మోకాలి మీద ఐసు సంచి పెట్టుకుని గడ్డిలో చతికిలబడేవాడు. నేను పైపు పట్టుకుని తడుపుతూ ఉండేవాణ్ణి. నాది మా ఊరి హైస్కూలు ఎనిమిదో తరగతి ఇంగ్లీషు, అతనిది అంతకన్నా ఓ మూర పొడుగు. ఇద్దరి ఇంట్లోవాళ్ళూ దూరాభారాన ఉన్నారు. ఇక కబుర్లకేం కొదవ? నేను చెప్పిన అబద్ధాలన్నీ నమ్మాడు గానీ, మా గన్నవరంలో కాలవ వంతెనెక్కి గోదారి మీంచి అవతలి గట్టుకి వెళ్తుందని చెప్తే మాత్రం పడి పడి నవ్వాడు. "నీళ్ళ మీంచి నీళ్ళా? మాణిక్, యూ బిగ్ లయర్" అన్నాడు. నేను చెప్పిన వాటన్నిట్లోకీ నిజం అదొక్కటే.

ఊరికి తిరిగొచ్చాక నూకయ్య టీ కొట్టు దగ్గర నేను చెప్పిన హోల్గర్ కథల్లో బాగా ఆడింది కొబ్బరికాయలది.

"ఖర్జూరం చెట్టెక్కి పైనించి వలిచిన కొబ్బరికాయలు వదిలేవాణ్ణోయ్. కింద హోల్గర్ తలతో కొట్టేవాడు. వరసగా నలభై కాయలు. నలభై ఒకటోది పగిలింది."

"దోహాలో కొబ్బరికాయలెక్కడివండీ?" అనేవాడు నూకయ్య, వందోసారి వింటున్నా మొదటిసారి విన్నట్టు.

"అంబాజీపేట నించి పార్సిలు."

"పగిలింది కాయేనాండీ, తలకాయా?"

"కాయే. ఆ పూటకి పచ్చడి చేసుకున్నాం."

"ఆయ్, అలాగే అయ్యుంటదండి" అని గ్లాసులు కడుక్కునేవాడు. బెంచీ మీద వాళ్ళు కడుపులు పట్టుకునేవారు.

మా ఆవిడ మాత్రం నవ్వేది కాదు. "ఆ జర్మనీ ఆయన ఉన్నాడో, ఈయన కల్పించేరో భగవంతుడికే తెలియాలి. ఉంటే ఓ ఉత్తరమ్ముక్కయినా రాయడా?" అనేది. ఇద్దరం కలిసి దిగిన ఫొటో ఒకటి ఇంటికి పంపాను. అది పెద్ద వరదలో పోయింది. సాక్ష్యం లేదు.

పోయినేడు వేసవి చివర మా పక్కింటి ఏసుదాసు కూతురు షైనీ జర్మనీ ప్రయాణం కట్టింది. నర్సింగు చదివి, ఏడాది పాటు కూర్చుని ఆ భాష నేర్చుకుంది. అక్కడ ముసలివాళ్ళని చూసుకునే చోట ఉద్యోగం. వెళ్ళేముందు చెప్పి వెళ్దామని మా ఇంటికి వచ్చింది.

"హోల్గర్ కనిపిస్తే మాణిక్ అడిగేడని చెప్పమ్మా" అన్నాను.

"జర్మనీ అంటే గన్నవరం సంతనుకున్నారేటండీ తాతగారూ, ఎదురుపడితే పలకరించడానికి?"

"అలా అడగమ్మా" అంది మా ఆవిడ లోపల్నించి. "ఈయనకి దేశాలన్నీ నూకయ్య కొట్టుకి ఎదురుగానే ఉంటాయి."

అయినా ఒక కాగితం మీద హోల్గర్ ఆడిన క్లబ్బు పేరు, అతను పెరిగిన బొగ్గు గనుల ఊరి పేరు నాకొచ్చినట్టు రాసిచ్చాను. షైనీ దాన్ని మడతపెట్టి పాస్‌పోర్టులో పెట్టుకుంది. పిల్లకి పెద్దలంటే గౌరవం, అంతకు మించి ఆశ పెట్టుకోలేదు నేను.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. మా అమ్మాయి కొనిచ్చిన పెద్ద ఫోను.

"తాతగారూ, ఉన్నారండీ!" అని అరిచింది షైనీ. "మీ హోల్గర్‌గారు నిజంగానే ఉన్నారండీ!"

మా ఆవిడ గరిటె పట్టుకుని వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. నేను గరిటె వైపు చూసి మీసం దువ్వాను.

షైనీ ఆ క్లబ్బుకి ఉత్తరం రాసిందట. వాళ్ళు హోల్గర్ కూతురికి చేరవేస్తే, ఆ అమ్మాయి స్వయంగా ఫోను చేసిందట. ఇంతవరకూ చెప్పి షైనీ గొంతు తగ్గించింది.

"నాలుగేళ్ళుగా మతిమరపు జబ్బంటండి. వయసు యాభై ఎనిమిదే. ముందు కొత్తవి పోయేయంట, ఇప్పుడు పాతవీ పోతన్నాయంట. తను ఫుట్‌బాల్ ఆడేరన్న సంగతి కూడా. అన్నేళ్ళు తలతో బంతిని కొట్టడం వల్ల కావచ్చంటన్నారంట డాక్టర్లు. కాకపోనూ వచ్చంట."

నాకు నలభై కొబ్బరికాయలూ ఒక్కసారి మీద పడ్డట్టయింది. ఆ కథ నేను మళ్ళీ ఎక్కడా చెప్పలేదు. సంగతి తెలిసి నూకయ్యా అడగలేదు.

"వాళ్ళమ్మాయి ఒకటడుగుతన్నారండి" అంది షైనీ. "దోహాలో ఆయన ఎలా ఉండేవారో చెప్పేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరంట. అప్పట్లో ఆవిడా, వాళ్ళమ్మా ఆయనతో వెళ్ళలేదంట. ఆదివారం ఆదివారం మీరు వీడియోలో మాట్లాడితే ఏమన్నా గుర్తొస్తుందేమోనని. నేను మధ్యలో ఉండి అటూ ఇటూ చెప్తాను."

నాకు కావలసింది ఒక్కటే. అతను పూర్తిగా మరిచిపోయేలోపు ఒక్కసారి నా మొహం చూసి 'మాణిక్' అనాలి. ఊళ్ళో వాళ్ళ కోసం కాదు. సరే, కొంచెం ఊళ్ళో వాళ్ళ కోసం కూడా. కానీ ఆ రెండేళ్ళూ నా నోట్లోంచి వచ్చిన ప్రతి మాటా విన్నవాడు ప్రపంచంలో అతనొక్కడే. అతను కూడా మరిచిపోతే నేను ఆ గడ్డి మీద నిలబడ్డట్టే లేదు కదా?

మొదటి ఆదివారం నాలుగు గంటలకి ఫోనుని బియ్యం డబ్బాకి ఆనించి, అరుగు మీద చాప వేసుకుని కూర్చున్నాను. పైన చిన్న గడిలో షైనీ. కింద పెద్ద గడిలో హోల్గర్. పసుపుపచ్చ జుట్టు పల్చబడి తెల్లబడింది. భుజాలు మాత్రం అవే, తలుపు చట్రం అంతేసి. నన్ను చూసి నవ్వాడు. బస్సులో చోటిచ్చిన వాడిని చూసి నవ్వినట్టు, మర్యాదగా.

"నమస్కారం, మీరెవరు అంటున్నారండి" అంది షైనీ.

"హోల్గర్! మీ, మాణిక్! గ్రాస్! దోహా!" అంటూ లేచి, గడ్డి కోసే మిషను తోస్తున్నట్టు అరుగు ఈ చివర్నించి ఆ చివరికి నడిచి చూపించాను. కిటికీలోంచి మా ఆవిడ కిసుక్కుమంది. హోల్గర్ పక్కకి తిరిగి ఏదో అన్నాడు.

"ఏమన్నాడు?"

షైనీ నవ్వాపుకుంది. "ఈయన గడ్డి కోస్తారంట, మన దొడ్లో బాగా పెరిగిపోయింది, ఎప్పుడొస్తారో కనుక్కో అని వాళ్ళమ్మాయికి చెప్తన్నారండి."

రెండో ఆదివారం నించి అతని కథ అతనికే చెప్పడం మొదలెట్టాను. నాకు వరసగా వచ్చు, ఎన్ని సాయంత్రాలు విన్నానో! బొగ్గు గనిలో పని చేసే తండ్రి. తొమ్మిదో ఏట మైదానానికి వెళ్తే కోచ్ ఇతని పొడుగు చూసి, నువ్వు వెనక నిలబడు అన్నాడు. అక్కడే ఇరవై ఏడేళ్ళు నిలబడ్డాడు. ఆ ఊరి క్లబ్బుకి నాలుగు వందల పన్నెండు ఆటలు. కొట్టిన గోల్సు మూడు. నాలుగోది కూడా ఉంది గానీ అది కంగారులో తనవాళ్ళ వలలోకే కొట్టాడు. దేశం జట్టుకి ఒకే ఒక్కసారి పిలుపొచ్చింది. బెంచీ మీద కూర్చోబెట్టారు. డెబ్బయ్యో నిమిషంలో కోచ్ ఇటు తిరిగితే, తననే అనుకుని పైకోటు జిప్పు కిందికి లాగాడు. పక్కవాడు లేచి వెళ్ళాడు. ఇతను జిప్పు మళ్ళీ పైకి లాక్కున్నాడు. దేశం తరఫున హోల్గర్ చేసిన పని అంతే.

మైదానంలో ఈ ముచ్చట చెప్పినప్పుడు అతను జిప్పు లాగడం చేసి చూపించి బాగా నవ్వాడు. నవ్వు అయ్యాక ఐసు సంచి ఇంకో మోకాలికి మార్చుకుంటూ, "ముందు ఆడేవాడికి గోలు కనపడుతుంది మాణిక్, నాకు ఎప్పుడూ మావాళ్ళ వీపులే కనపడ్డాయి" అన్నాడు. ఆ మాట కూడా చెప్పాను. ఒక్క అబద్ధమయినా కలపలేదు. నా జన్మలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు.

షైనీ చెప్తుంటే హోల్గర్ చెయ్యి గడ్డం కింద పెట్టుకుని శ్రద్ధగా విన్నాడు. జిప్పు దగ్గర అయ్యో అన్నట్టు తలూపాడు. అంతా అయ్యాక ఏదో అడిగాడు.

"ఏమన్నాడమ్మా?"

"మంచి ఆటగాడేనండీ పాపం, ఎవరాయన? అంటున్నారండి."

ఆ పూట మా ఆవిడ వెటకారం చెయ్యలేదు. టీ గ్లాసు నా పక్కన పెట్టి చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయింది. దానికన్నా వెటకారమే నయమనిపించింది.

అలా ఇంకో మూడు ఆదివారాలు. కొత్త కథేమీ లేదు, చెప్పిందే చెప్పడం. అతను ప్రతిసారీ కొత్తగా జాలిపడటం.

శ్రావణంలో భద్రాచలం దగ్గర నీరు పెరిగిందన్నారు. మా లంకకి దారి మునిగింది, పడవలు వేశారు. ఆ ఆదివారానికి ఎర్రనీళ్ళు మా దొడ్డి చివర కొబ్బరి మొదళ్ళ దాకా వచ్చి, లోపలికి రమ్మంటారా అన్నట్టు అక్కడే ఆగి ఉన్నాయి. నేను మటుకు ఫోను ముందు కూర్చుని జిప్పు కథలో ఉన్నాను.

"ఇంకా ఆ పెట్టెలోకి చూస్తా కూచుంటారా?" మా ఆవిడ నాలుగు తడి కొబ్బరికాయలు చేతుల్లో పొదివిపట్టుకుని, నాకూ ఫోనుకీ మధ్యకి వచ్చి నిలబడింది. "దొడ్లో కాయలన్నీ తేలి గోదాట్లోకి పోతన్నాయి. లేచి ఓ చెయ్యెయ్యండి!"

గడిలో హోల్గర్ ముందుకి వంగాడు. ఆవిడ ఎవరని అడిగినట్టున్నాడు. షైనీ ఏదో చెప్పింది, అందులో 'మాణిక్' అన్న మాట ఒక్కటి నాకు తెలిసింది. హోల్గర్, చివర మకారం కూడా సరిగ్గా ఒత్తి అన్నాడు.

"బంగారమ్మ."

మా ఆవిడ పేరు అదేనండి. ఇంతవరకూ నేను రాయలేదు, మీరు గమనించారో లేదో. మా ఇళ్ళల్లో మొగుడు పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవడం లేదు. ఆవిడ నన్ను పిలవకపోవడం సరేసరి. పెళ్ళయిన నలభై నాలుగేళ్ళలో ఆవిడ ఎదట నేను ఆ పేరు పలికింది లేదు. 'ఏమేవ్' అంటే పలికేది, అంతే. రేషను కార్డు దగ్గర కూడా గుమస్తా చదివితే నేను తలూపేవాణ్ణి. దోహాలో, ఆ గడ్డిలో, వినేవాడికి మన మర్యాదలు తెలియవు గనక నోరారా అనేవాణ్ణి. రోజూ అనేవాణ్ణి.

ఆవిడ చేతిలోంచి ఒక కాయ జారి అరుగు మీద దొర్లింది.

"షైనీ, ఆయనకి నా పేరెవరు చెప్పేరమ్మా?"

"నేను చెప్పలేదండి మామ్మగారూ. మాణిక్ వాళ్ళ ఆవిడ అన్నానండి, అంతే."

హోల్గర్ మాట్లాడటం మొదలెట్టాడు. నెల రోజుల్లో అతను అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడగా నేను వినలేదు. షైనీ వెనకాలే పరిగెత్తుతూ తెలుగులో చెప్తూ వచ్చింది.

"బంగారమ్మకి నీళ్ళంటే భయం అంటున్నారండి. వరదొస్తే మంచం మీద పొయ్యి పెట్టి వండుతుందంట. మాణిక్ దోహాకి బయల్దేరిన రోజున, నీళ్ళ మీంచి నీళ్ళు వెళ్ళే చోట నిలబడిందంట. నీలం చీరంట, పసుపు అంచంట. బస్సు కదులుతుంటే అటు తిరిగి నిలబడిందంట గానీ ఇటు చూడలేదంట... మాణిక్ రోజూ సాయంత్రం ఇదే చెప్తాడంటండి. చెప్తా ఏడుస్తాడంట. పైపు నీళ్ళు మొహం మీద పడ్డాయంటాడంట. పైపు అటు పట్టుకుంటే నీళ్ళు ఇటెలా పడతాయి? కానీ నేను అడగను, అంటున్నారండి."

నేను దొడ్లోకి చూశాను. కాయలు నిజంగానే తేలి పోతున్నాయి.

"ఇంటికెళ్ళు మాణిక్ అని చెప్పేనంటున్నారండి. వచ్చే ఏడు వెళ్తానంటాడంట. ఏటేటా వచ్చే ఏడేనంట. మామ్మగారూ, ఆయన మిమ్మల్నే అడుగుతున్నారండి. మాణిక్ ఇల్లు చేరాడా, అని."

మా ఆవిడ వంగి, పడిన కాయ తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"చేరేనని చెప్పమ్మా" అన్నాను. "నేనే మాణిక్‌ని. ఇదిగో, ఇంట్లోనే ఉన్నాను."

షైనీ చెప్పింది. హోల్గర్ నన్ను ఎగాదిగా చూశాడు.

"కాదంటున్నారండి. మాణిక్‌కి నల్లటి మీసాలంట. మీరు పెద్దవారంట."

మర్నాడు నీళ్ళు ఇంట్లోకి వచ్చేశాయి, మోకాలి లోతు. ఒక మంచం మీద పొయ్యి, ఇంకో మంచం మీద మేమిద్దరం కాళ్ళు ముడుచుకుని. రెండు రోజులు మా మంచం కోళ్ళ చుట్టూ గోదారి తిరుగుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. మూడో రోజు అన్నం వారుస్తూ, మొహం నా వైపు తిప్పకుండా అంది.

"నీలం చీరని చెప్పేరా ఆయనకి?"

"నీలమేగా."

"ఆకుపచ్చ."

"పసుపు అంచు నీలం చీర. అంబాజీపేటలో కొన్నాం."

"ఆకుపచ్చ చీర. పెట్లో ఉంది, నీళ్ళు తీసేక చూపిస్తాను." గంజి గిన్నెలోకి వంచింది. "ఇరవై రెండేళ్ళూ ఎవరి చీర తలుచుకున్నారో మరి."

నేను నవ్వబోయాను. ఆవిడ నవ్వలేదు.

"ఇవన్నీ ఉత్తరాల్లో ఒక్కసారన్నా రాసేరా? ఇక్కడ ఎండ ఎక్కువ, కొబ్బరికి ఎరువెయ్యి, పిల్ల బడికెళ్తందా. ఇవేగా."

"నీకు చదువు రాదు. పోస్టుమేను చదివి పెట్టేవాడు కదే. వాడి నోట అవెలా పెట్టను?"

"తరవాత ఫోనులొచ్చేయి."

"ఫోను నూకయ్య కొట్లో ఉండేది. పదిమంది చెవులొగ్గి కూచునేవారు."

"మీరొచ్చేసి పద్నాలుగేళ్ళయింది" అంది. పొయ్యిలో కొబ్బరి డొక్క ఒకటి ముందుకి తోసింది. "ఈ ఇంట్లో ఎవరు వింటన్నారని?"

ఆవిడ కంచంలో అన్నం పెట్టి నా చేతికిచ్చింది. తిన్నాను.

శుక్రవారానికి నీళ్ళు తీశాయి. శనివారం షైనీ ఫోను చేసింది.

"పరిస్థితి బాగోలేదండి తాతగారూ. ఆదివారం నించీ హోల్గర్‌గారికి మీదే ధ్యాసంట. మాణిక్‌ని విమానం ఎక్కించాలని బూట్లు తొడుక్కుని వీధిలోకి వెళ్ళిపోతన్నారంట. రెండుసార్లు ఎవరో తీసుకొచ్చి దిగబెట్టేరంట. బూట్లు విప్పనివ్వట్లేదంట, వాటితోటే పడుకుంటన్నారంట. మాణిక్ ఇల్లు చేరేడని ఆయన నమ్మేలాగ ఏదో ఒకటి చెయ్యాలండి."

నల్ల మీసాలే కదా కావాలి అనుకున్నాను. ఆదివారం పొద్దున్న నూకయ్య తన కొట్టు వెనక నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, ఏదో నాసిరకం పొడి కలిపి మీసాలకి పట్టించాడు.

"పెళ్ళిచూపులేటండీ?"

"గమ్మునుండి వెయ్యవోయ్."

"ఏస్తన్నానండి. పిల్లదేవూరండీ?"

"జర్మనీ" అన్నాను.

నాలుగింటికి చాప వేసి, వెలుతురు మీసాల మీద పడేలాగ కూర్చున్నాను. గడిలో హోల్గర్ వీధి తలుపు పక్కన కుర్చీలో ఉన్నాడు. ఇంట్లోనే కోటు తొడుక్కుని, బూట్లతో. వారం రోజుల్లో అతని కళ్ళు లోపలికి పోయాయి. నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. నాకు ఆశ పుట్టింది.

"మీసాలు బాగున్నాయంటున్నారండి" అంది షైనీ. తరవాత మెల్లిగా, "మీరు మాణిక్ వాళ్ళ నాన్నగారా, అని అడుగుతున్నారు. అబ్బాయి ఇంకా రాలేదా అంటున్నారు" అంది.

డెబ్బయ్యేళ్ళొచ్చాక నాకు నేనే తండ్రినయ్యాను. హోల్గర్ కుర్చీ చేతుల మీద బలం వేసి లేవబోయాడు. కూతురు భుజం పట్టుకుని ఆపుతోంది.

"మీరు జరగండి." మా ఆవిడ వచ్చి నా మోకాలు పక్కకి తోసి చాప మీద కూర్చుంది. పమిట భుజం చుట్టూ లాక్కుంది. ఫోనులోకి చూసింది.

"బంగారమ్మ" అన్నాడు హోల్గర్, సగం లేచినవాడు అలాగే ఆగి.

"ఆయ్" అంది మా ఆవిడ.

అతను మళ్ళీ అదే అడిగాడు. ఈసారి షైనీ చెప్పక్కర్లేకపోయింది. మా ఆవిడ ఒక్క క్షణం చాప అంచు కేసి చూసుకుంది. ఆవిడ అబద్ధమాడగా నేను ఈ జన్మలో వినలేదు. అబద్ధాల శాఖంతా నాకే వదిలేసింది.

"వచ్చేరని చెప్పు షైనీ. ఈ పొద్దున్న బస్సుకే దిగేరు."

షైనీ చెప్పింది. హోల్గర్ మెల్లిగా కూర్చున్నాడు.

"ఎలా ఉన్నాడంటున్నారండి."

"నల్లబడిపోయేరు. అక్కడ ఎండలు కదమ్మా. చిక్కేరు కూడాను. మీసాలు మాత్రం అలాగే ఉన్నాయి."

"ఒక్కసారి మాట్లాడతారంటండి. ఎక్కడున్నాడంటున్నారు."

నా మోకాలు ఆవిడ మోకాలికి ఆనుకునే ఉంది. ఆవిడ నా వైపు చూడలేదు.

"తానానికెళ్ళేరు. మూడు రోజుల ప్రయాణం. ఒళ్ళంతా దుమ్ము."

షైనీ ఆ మాటలు జర్మనులోకి మార్చింది. హోల్గర్ వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. అతని కూతురు నేల మీద కూర్చుని ఒక బూటు తాడు పట్టుకుంది. అతను రెండో కాలు తనే ముందుకి చాపాడు.

"విప్పనిస్తున్నారండీ" అంది షైనీ. ముక్కు ఎగబీల్చింది. "మళ్ళీ పంపించొద్దంటున్నారండి మామ్మగారూ."

"పంపనని చెప్పు."

నేను చప్పుడు కాకుండా లేచాను. ఆవిడ మాట అబద్ధం కాకూడదు. దొడ్లోకి దిగి, ఇంకా ఆరని వరద బురదలో చీలమండల దాకా దిగబడుతూ బోరింగు దగ్గరికి వెళ్ళాను. చొక్కా విప్పి కంచె మీద పడేసి, బకెట్టు నింపుకుని, సాయంత్రం నాలుగున్నర వేళ నెత్తి మీద కుమ్మరించుకున్నాను. నూకయ్య వేసిన రంగు మీసాల్లోంచి నల్లగా గుండెల మీదికి కారింది.

ఏసుదాసు కంచె అవతలనించి తల ఎత్తాడు. "పొద్దున్న చేసేరు కదండీ? మళ్ళీ ఈ వేళప్పుడు తానమేటండీ?"

"ఇప్పుడే దిగేను ఏసుదాసూ" అన్నాను.

"ఎక్కణ్ణించండీ?"

ఇంకో చెంబు పోసుకున్నాను. మొహం మీద నీళ్ళు కారుతుంటే ఏం చెప్పను? అరుగు మీంచి మా ఆవిడ గొంతు వినపడింది.

"ఉండమ్మా షైనీ, పెట్టెయ్యకు. ఆయన్ని కూడా అలాగే ఉండమను. ఈయనకి తువ్వాలు ఇచ్చొస్తాను."

చెంబు బకెట్టులో వదిలేసి, చలికి వణుకుతూ, వంటింటి గుమ్మం కేసి చూస్తూ నిలబడ్డాను.